డబ్ల్యు123 ఇంజను డబ్ల్యు126లో పెట్టేటప్పుడు: ఏవి డోనర్‌వి, ఏవి మీ కారువి

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. మీ దగ్గర 1983 మెర్సిడెస్ 300 ఎస్‌డీ ఉంది, అంటే డబ్ల్యు126 బాడీ. ఇంజను అడుగు నుంచి రాడ్ బేరింగు కొట్టుకుంటున్న శబ్దం వస్తోంది, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ నిలవడం లేదు. వెనక భాగం దెబ్బతిన్న ఒక 1984 300డీ టర్బో అమ్మకానికి దొరికింది, అది డబ్ల్యు123 బాడీ, అంటే ఇంజను ఇచ్చే డోనర్ కారు అదే. రెండిట్లోనూ ఒకటే ఇంజను అంటున్నారు, తీసి పెట్టేస్తే సరిపోతుందా, ఇంకేమైనా మార్చాలా అని అడిగారు.

సరిపోతుంది. రెండూ ఓఎం617 కుటుంబానివే: 5 సిలిండర్లు, 3 లీటర్లు, టర్బో. నంబర్లలో చూస్తే మీ ఎస్‌డీలో ఉన్నది 617.951, డబ్ల్యు123 టర్బోలో ఉన్నది 617.952. అంతకుముందు 1978లో వచ్చిన డబ్ల్యు116 బాడీ 300 ఎస్‌డీలో పెట్టింది 617.950. బ్లాకు, క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు), పిస్టన్లు, హెడ్ విషయంలో ఇవన్నీ అన్నదమ్ములే. చివరి అంకె మారడానికి కారణం ఇంజను లోపల లేదు, ఆ ఇంజను ఏ బాడీలో కూర్చోవాలో అందులో ఉంది. ఫౌండేషన్ చేతులు (ఇంజనును బాడీకి పట్టి ఉంచేవి), ఆయిల్ ఛాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), యాక్సిలరేటర్ లింకేజీ, వాక్యూమ్ పైపుల దారి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాను పట్టుకునే బ్రాకెట్లు లాంటివన్నీ బాడీని బట్టి ఉంటాయి.

అందుకే ఇలాంటి పని పట్టినప్పుడు నేను మొదటి రోజు స్పానర్ పట్టుకోను. రెండు ఇంజన్లనూ చూస్తూ రెండు జాబితాలు రాసుకుంటాను. ఇంజను లోపల తిరిగేది, దాంతోపాటు టైమింగ్ కుదిరి ఉన్నది డోనర్‌ది. బాడీకి, గేర్ బాక్సుకి, వైరింగుకి, కేబుల్‌కి తగిలేది మీ కారుది. ఇది గట్టిగా పట్టుకుంటే ఈ పనిలో తొంభై పాళ్ళు అయిపోయినట్టే. కానీ రెండు చోట్ల ఈ లెక్క తిరగబడుతుంది, ఇంజన్లు పాడయ్యేది అక్కడే. ఆ రెండింటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

దానికన్నా ముందు, డబ్బు ఇచ్చే ముందు డోనర్ ఇంజనును ఎలా చూడాలో చెప్పాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. వెళ్ళగానే బోనెట్ ఎత్తి ట్యాపెట్ కవర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. అప్పుడు నిలబడి కబుర్లు చెప్పండి, లేదా ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. డీజిల్ ఇంజను నిజం చెప్పేది చల్లగా ఉన్నప్పుడే. హీటర్ ప్లగ్గులు (స్టార్ట్‌కు ముందు సిలిండర్లను వేడిచేసేవి) మంచివై, కంప్రెషన్ నిలబడి ఉంటే, వాటి లైటు ఆరగానే సగం తిప్పుడుకే అందుకుంటుంది. ఒక సిలిండర్ కాసేపు మిస్సింగ్ కొట్టి సర్దుకుంటే అది ఒక హీటర్ ప్లగ్గు పని అయ్యుండొచ్చు, దానికి భయపడక్కర్లేదు. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, రెండు మూడు సిలిండర్లు ఒకేసారి తడబడుతుంటే ఆలోచించాలి.

ఇంజను ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి, అదే రంధ్రం మీద ఊరికే పెట్టండి. కొంచెం ఎగిరెగిరి పడుతూ అక్కడే ఉంటే రింగులు బాగున్నాయి. గాలి ఊదేసి మూతను కింద పడేస్తుంటే బోర్ అరిగినట్టు. ఇది కొలత కాదు, ఒక సూచన మాత్రమే. అసలు కొలత కంప్రెషన్ గేజ్‌తో తియ్యాలి. పెట్రోల్ గేజ్ పనికిరాదు, 40 బార్ వరకు చూపించే డీజిల్ గేజ్ కావాలి. ఈ ఇంజనుకు 15 బార్ కన్నా తగ్గకూడదు, సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య తేడా 3 బార్ దాటకూడదు. అంకె పెద్దగా ఉండటం కన్నా ఐదు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటమే నాకు ముఖ్యం.

ఇక్కడ చాలామంది మంచి ఇంజన్లను వదిలేసుకుంటారు. ఓఎం617లో హైడ్రాలిక్ ట్యాపెట్లు (వాల్వు గ్యాపును వాటంతటవే సరిచేసుకునేవి) ఉండవు, గ్యాపు చేత్తో సెట్ చేసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.10 మిల్లీమీటర్లు, టర్బో ఇంజనులో ఎగ్జాస్ట్ 0.35 మిల్లీమీటర్లు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోకపోతే వాల్వు సీటులోకి దిగిపోయి గ్యాపు మూసుకుపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. కాబట్టి గేజ్ తక్కువ చూపించగానే లేచి వచ్చేయకండి. ట్యాపెట్లు సెట్ చేసి మళ్ళీ కొలవండి. ఒక సిలిండర్ దాదాపు చచ్చిపోయిందనుకున్న ఇంజను, రెండు 14 నంబరు స్పానర్లతో గంటన్నర పని చేశాక మిగతా నాలుగింటితో సమానంగా రావడం నేను చూశాను. ఆ ఇంజను ఇప్పటికీ తిరుగుతోంది.

కవర్ విప్పారు కాబట్టి టైమింగ్ చైన్ సాగుదల కూడా చూసేయండి. క్రాంకు ముందున్న 27 నంబరు బోల్టుతో, ఇంజను తిరిగే దిశలోనే తిప్పుతూ క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) మీద గీతను దాని గుర్తుకు కలపండి. అప్పుడు కింద డ్యాంపర్ (క్రాంకు ముందు కొసనున్న చక్రం) మీద ముల్లు ఎన్ని డిగ్రీలు చూపిస్తోందో చదవండి. సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది. బాగా సాగి ఉంటే ఇంజను బయట ఉన్నప్పుడే కొత్త చైన్ ఎక్కించుకోండి. పాత చైన్ తెంపి, దాని కొసకు కొత్తది కలిపి, నెమ్మదిగా తిప్పుతూ లోపలికి పంపితే ముందు కవర్ విప్పే పని ఉండదు. ఒకరు తిప్పాలి, ఇంకొకరు క్యామ్ గేరు మీద చైన్ జారకుండా పట్టుకోవాలి. ఒక్కరే చెయ్యాల్సిన పని కాదు ఇది.

డోనర్ నిజంగా టర్బోనే అని కూడా ఖాయం చేసుకోండి. టర్బో లేని 300డీ ఇంజను 88 హార్స్‌పవర్‌ది, మీది 120 పైచిలుకు. మీ టర్బో తీసి దానికి బిగించేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. టర్బో ఇంజనులో పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వుల లోపల సోడియం నింపి ఉంటుంది, ఇంజెక్షన్ పంపు కూడా వేరు. ఆ వేడిని తట్టుకోవడానికి పెట్టినవే అవన్నీ.

ఇక మార్పిడి. ఈ కార్లలో నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. బోనెట్ కీలు దగ్గర లాక్ నొక్కితే బోనెట్ నిటారుగా, ఆకాశం వైపు నిలబడుతుంది. విప్పి పక్కన పెట్టే పని లేదు. ఇంజనునూ గేర్ బాక్సునూ కలిపే బయటికి లాగడం నా పద్ధతి. విడిగా లాగితే బెల్ హౌసింగ్ పైబోల్టులు అందక చాలా సమయం పోతుంది. ఏసీ కంప్రెసర్ పైపులు విప్పకండి. బ్రాకెట్ నుంచి కంప్రెసర్‌ను మాత్రమే విప్పి పక్కకు తాడుతో కట్టేయండి, గ్యాసు అలాగే ఉంటుంది. పవర్ స్టీరింగ్ పంపుకూ అంతే.

రెండు ఇంజన్లూ పక్కపక్కన నేల మీద ఉన్నప్పుడు తొందరపడకండి. అసలు పని అక్కడే ఉంది. మీ పాత ఇంజను మీదున్న ప్రతి బ్రాకెట్, ప్రతి సెన్సర్, ప్రతి పైపు చూసుకుంటూ డోనర్ మీద దానికి జోడీ ఉందో లేదో చూడండి. ఫౌండేషన్ చేతులు మీవే వెయ్యండి. ఆయిల్ ఛాంబర్లు రెండూ విప్పి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. లోతులోగానీ ఆకారంలోగానీ ఏ కాస్త తేడా కనిపించినా మీ ఎస్‌డీ ఛాంబరే బిగించండి, ఎందుకంటే మీ కారు క్రాస్ మెంబర్‌కు, స్టీరింగ్ రాడ్లకు సరిపోతుందని తెలిసినది అదే. ఛాంబర్ విప్పడం వల్ల ఇంకో లాభం, డోనర్ అడుగున ఏముందో కళ్ళారా చూస్తారు. నల్లటి బురద ఉంటే సహజమే. మెరిసే రేణువులు ఉంటే అక్కడితో ఆగి, ఒక రాడ్ బేరింగు విప్పి చూడకుండా ముందుకు వెళ్ళకండి.

డోనర్ స్టేషన్ వ్యాగన్ అయితే హెడ్ ముందు భాగంలో వెనక సస్పెన్షన్‌ను లేపే హైడ్రాలిక్ పంపు ఒకటి ఉంటుంది, క్యామ్‌తో తిరుగుతుంది. అది మీకు అక్కర్లేదు. తీసేసి, మీ పాత హెడ్ మీదున్న మూతతో ఆ చోటు మూసెయ్యండి.

ఇంజెక్షన్ పంపు డోనర్‌దే ఉంచండి. దాని టైమింగ్ ఆ ఇంజనుతో కుదిరి ఉంది. పంపు చుట్టూ ఉన్న లింకేజీ, గేర్ బాక్సుకు వెళ్ళే వాక్యూమ్ వాల్వు మాత్రం మీ కారుకు ఎలా ఉండేవో అలా సర్దుకోండి. ఈ ఆటోమేటిక్ గేర్ బాక్సు గేరు మార్చే తీరు చాలావరకు ఆ వాక్యూమ్ మీదే ఆధారపడి ఉంటుంది. పైపు తప్పు చోట తగిలిస్తే ప్రతి గేరుకూ వెనక నుంచి తన్నినట్టు కుదుపు వస్తుంది, గేర్ బాక్సు పోయిందనుకుని జనం దాన్ని విప్పేస్తారు. అందుకే ఇంజను ముట్టుకోకముందే వాక్యూమ్ పైపులన్నిటినీ ఫోన్‌లో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి, ఒక్కోదానికి టేపు చుట్టి నంబరు రాయండి. ఏ కారణంగానైనా పంపు విప్పాల్సి వస్తే మళ్ళీ బిగించేటప్పుడు డీజిల్ డెలివరీ మొదలయ్యేది పిస్టన్ పైకొసకు చేరడానికి 24 డిగ్రీల ముందు ఉండాలి. మొదటి సిలిండర్ పైపు దగ్గర చుక్కలు పడే వేగం చూసి సరిచేస్తారు. ఆ పని చేసిన చెయ్యి ఉన్నవాళ్ళతోనే చేయించండి.

ఇప్పుడు లెక్క తిరగబడే ఆ రెండు చోట్లు.

మొదటిది క్రాంకు వెనకున్న ఫ్లెక్స్ ప్లేటు, అంటే క్రాంకును గేర్ బాక్సు వైపుకు కలిపే పలుచటి చక్రం. ఇది గేర్ బాక్సుకు తగిలేది కాబట్టి మీ కారుది వెయ్యాలని అనిపిస్తుంది. వెయ్యకూడదు. ఈ ఇంజనులో క్రాంకునూ దాని ప్లేటునూ కలిపి బ్యాలెన్స్ చేస్తారు. ఒక ఇంజను ప్లేటు తీసి ఇంకో క్రాంకుకు బిగిస్తే, ఐడిల్‌లో ఏమీ తెలియకపోయినా వేగం పెరిగేకొద్దీ స్టీరింగులో, సీటులో వణుకు మొదలవుతుంది. ఫౌండేషన్లు మార్చినా, టైర్లు బ్యాలెన్స్ చేయించినా పోదు. డోనర్ క్రాంకుకు డోనర్ ప్లేటే ఉండనివ్వండి. విప్పాల్సి వస్తే ముందు గుర్తు పెట్టుకుని అదే కోణంలో బిగించండి. ముందున్న డ్యాంపర్‌కూ ఇదే మాట. మాన్యువల్ గేర్ బాక్సుకు మారాలనుకునేవాళ్ళు కొత్త ఫ్లైవీలును పాత ప్లేటుకు సరిపోయేలా మెషిన్ షాపులో బ్యాలెన్స్ చేయించుకోవాలి.

రెండోది ఆయిల్ కూలర్. ఇది మీ కారుదే, రేడియేటర్ పక్కనే బాడీకి బిగించి ఉంటుంది, ఇంజను తీసినా కదలదు. అందుకే ఎవరికీ గుర్తు రాదు. కానీ మీ పాత ఇంజను బేరింగు అరిగి పోయింది కదా, ఆ లోహపు పొడి ఎక్కడికి వెళ్ళింది? కొంత ఛాంబర్‌లో, కొంత ఫిల్టర్‌లో, మిగిలింది ఆ కూలర్ సందుల్లో. నేను చేసిన తొలి మార్పిడిలో సరిగ్గా ఇదే జరిగింది. మంచి ఇంజను, కంప్రెషన్ ఐదూ సమానం, చల్లగా స్టార్ట్ చేస్తే ప్రెషర్ ముల్లు 3 దగ్గర అతుక్కుని ఉండేది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళు ఏమీ లేదు. మొదటిసారి దూరం వెళ్ళినప్పుడు ఐడిల్‌లో ముల్లు దిగడం మొదలైంది. ఇంటికి వచ్చి ఫిల్టర్ డబ్బా మూత విప్పి ఎలిమెంట్ బయటికి తీశాను. దాని కాగితం మడతలు కోసి ఎండలో పరిచి చూస్తే, నల్లటి ఆయిల్ మధ్య సన్నగా వెండి రజను చల్లినట్టు మెరుస్తోంది. ఆ మెరుపు చూసినప్పుడు కడుపులో కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. కూలర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్ ఆయిల్ బాగా వేడెక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే దగ్గర దూరాల్లో పాత పొడి కదల్లేదు, దూర ప్రయాణంలో కొత్త ఇంజనులోకి వచ్చేసింది. మళ్ళీ ఇంజను దించి బేరింగులన్నీ మార్చాల్సి వచ్చింది.

మీ ఇంజను కూడా బేరింగుతోనే పోయింది కాబట్టి చెబుతున్నాను, ఆ పాత కూలర్ వాడకండి. కడిగితే పోతుంది కదా అంటారు. కొంత పోతుంది, ఎంత మిగిలిందో బయట నుంచి చూసే దారి లేదు. డోనర్ కారు కూలర్ మీ బాడీలో కుదిరితే అది, లేకపోతే కొత్తది పెట్టండి. కూలర్ గొట్టాలు, ఫిల్టర్ హౌసింగ్ కూడా డోనర్‌వే వాడండి. ఇంకెక్కడ తగ్గించుకున్నా ఇందులో మాత్రం ఖర్చు తగ్గించుకోవద్దు.

ఇంజను బయట ఉన్నప్పుడే మార్చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి: ఫౌండేషన్ రబ్బర్లు, ఇంజను పక్కనుండే చిన్న షాక్ అబ్జార్బర్లు, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే గొట్టం సీళ్ళు, వెనక వైపు కోర్ ప్లగ్గులు (బ్లాకులోని నీటి దారుల రంధ్రాలను మూసే మూతలు). ఇవన్నీ చిన్న సామాన్లే, ఇంజను కూర్చున్నాక అందవు.

కూర్చోబెట్టేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజను తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్ బాక్సుకు అందించేది) జాగ్రత్త. గేర్ బాక్సులోకి తోస్తూ తిప్పుతుంటే అది ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా లోపలికి దిగుతుంది, ప్రతి మెట్టుకూ చేతికి ఒక చిన్న దెబ్బలా తెలుస్తుంది. పూర్తిగా దిగాక కన్వర్టర్ ముఖం బెల్ హౌసింగ్ అంచు కన్నా లోపలికి ఉండాలి. ఒక బద్ద అడ్డంగా పెట్టి చూసుకోండి. సగం దిగిన కన్వర్టర్ మీద బోల్టులు బిగిస్తే గేర్ బాక్సు పంపు పగులుతుంది. ఇంజనూ గేర్ బాక్సూ చేతి బలంతోనే ఒకదానికొకటి ఆనుకోవాలి. ఆ చివరి కాస్త ఖాళీని బోల్టులతో లాగుతున్నారంటే ఏదో తేడా ఉంది, ఆపండి.

మొదటి స్టార్ట్. ట్యాంకులో పాత డీజిల్ ఉంటే తీసెయ్యండి, రెండు డీజిల్ ఫిల్టర్లూ కొత్తవి వెయ్యండి, చేతి పంపు కొట్టి ఎయిర్ లాక్ తీయండి. పంపు మీదున్న స్టాప్ లివర్‌ను ఒకరు నొక్కి పట్టుకోగా, సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా తిప్పండి. సెల్ఫ్ మోటర్ వేడెక్కకుండా మధ్యమధ్యలో ఆపండి. ముల్లు లేచాకే హీటర్ ప్లగ్గులు వెలిగించి స్టార్ట్ చెయ్యండి. ఒక మందమైన చదునైన చెక్క పలకను పక్కనే ఉంచుకోండి. ఈ కార్లలో తాళం తీస్తే ఇంజను ఆగేది వాక్యూమ్ వల్లనే. పైపు ఒకటి ఊడినా తాళంతో ఆగదు, అప్పుడు స్టాప్ లివర్ నొక్కాలి. టర్బో సీలు పోయి ఇంజను తన ఆయిల్‌నే తాగుతూ పరుగెత్తితే స్టాప్ లివర్ కూడా పనిచెయ్యదు, గాలి దారి మూసెయ్యడమే మిగిలిన మార్గం. దానికి పలక వాడండి. చెయ్యి మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

మీరు చివర్లో ఇంకొకటి అడిగారు: ఎలాగూ ఇంత చేస్తున్నాం కదా, 1986–87 300 ఎస్‌డీఎల్‌లోని ఆరు సిలిండర్ల ఓఎం603 పెట్టుకోకూడదా అని. అది హాయిగా, మెత్తగా నడిచే ఇంజను, కాదనను. కానీ మీ కారుకు అది మార్పిడి కాదు, కొత్త నిర్మాణం. ఫౌండేషన్లు, పైపులు, వైరింగు అన్నీ మారతాయి. పైగా మీ 617కు పోత ఇనుము హెడ్, దానికి అల్యూమినియం హెడ్. తొలి రోజుల్లో వచ్చిన హెడ్లు, 14 అని అచ్చు ఉన్నవి, పగుళ్ళకు పేరుపడ్డాయి. తర్వాత వచ్చిన 3.5 లీటర్ల 350 ఎస్‌డీ ఇంజను అయితే అస్సలు వద్దు, దాని కనెక్టింగ్ రాడ్లు వంగిపోయేవి. ఈ 5 సిలిండర్ల కుటుంబం 1976లోనే ఇటలీలోని నార్డో ట్రాక్ మీద సీ111 ప్రయోగ కారులో గంటకు సగటున 250 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి రికార్డులు కొట్టింది. మీ కారు పుట్టింది దీనితోనే, దీన్నే ఉంచండి.

ఇంజను నంబరు మారుతుంది కాబట్టి డోనర్ కారు కాగితాలు, అమ్మిన రసీదు తీసుకుని, మీ వాహనం రికార్డుల్లో కొత్త నంబరు ఎక్కించుకోండి. బ్లాకు మీద నంబరు ఇంజను బయట ఉన్నప్పుడే శుభ్రంగా తుడిచి ఫొటో తీసుకోండి, లోపల కూర్చున్నాక చదవడం కష్టం.

నడపడం మొదలుపెట్టాక 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్ కాగితం కోసి ఎండలో చూడండి. 1500 దగ్గర ట్యాపెట్లు మళ్ళీ ఒకసారి సరిచూసుకోండి. డోనర్ కంప్రెషన్ ఐదు అంకెలూ, రెండు ఆయిల్ ఛాంబర్ల ఫొటోలూ ఇక్కడ పెట్టండి, ఏ ఛాంబర్ వెయ్యాలో చూసి చెబుతాను.